గ్యాస్ వెల్డింగ్ టార్చ్ మధ్యలో టప్పుమని ఆరిపోతోంది: కొత్తది కొనాలా, ఉన్నదాన్ని బాగుచేసుకోవాలా?

అడిగిన విషయం ఇది: 1 నుంచి 3 మి.మీ. స్టీల్ రేకులు, సన్న పైపులు వెల్డింగ్ చేయాలి, అప్పుడప్పుడు బ్రేజింగ్ (అసలు లోహాన్ని కరిగించకుండా, తక్కువ వేడికి కరిగే వేరే లోహంతో అతకడం) కూడా ఉంటుంది. ఉన్న టార్చ్ పని మధ్యలో టప్పుమని పేలి ఆరిపోతోంది, నాజిల్ మార్చినా తగ్గలేదు. కొత్త టార్చ్ కొనాలా, కొంటే ఏ రకం కొనాలి, ఎసిటిలీన్ బదులు ఎల్‌పీజీ వాడొచ్చా, ఫ్లాష్‌బ్యాక్ అరెస్టర్ (మంట హోస్‌లోంచి వెనక్కి పరుగెత్తకుండా ఆపే భాగం) నిజంగా అవసరమా?

ముందే ఒక మాట. ఇలా పేలే టార్చ్‌లలో ఎక్కువ వాటికి టార్చ్ చెడిపోయి ఉండదు. దానికి చాలినంత గ్యాస్ అందక పేలుతుంటాయి. ఆక్సిజన్, ఎసిటిలీన్ కలిసిన మిశ్రమంలో మంట సెకనుకు సుమారు 10 మీటర్ల వేగంతో పాకుతుంది. నాజిల్ రంధ్రంలోంచి మిశ్రమం అంతకన్నా వేగంగా బయటికి తోసుకొస్తున్నంతసేపూ మంట మొన దగ్గర నిలబడుతుంది. ఆ వేగం తగ్గితే మంట రంధ్రంలోకి దూరుతుంది, టప్పుమంటుంది, ఆరిపోతుంది. దీన్నే బ్యాక్‌ఫైర్ అంటాం. ఏ నాజిల్ ఎంచుకోవాలి, ఎంత ప్రెషర్ పెట్టాలి, రంధ్రం ఎలా శుభ్రం చేయాలి అన్న ప్రశ్నలన్నీ చివరికి ఈ వేగం దగ్గరికే వస్తాయి.

వేగం తగ్గడానికి అన్నిటికంటే మామూలు కారణం, పల్చటి రేకు కాలిపోతోందని పెద్ద నాజిల్‌నే వాల్వులు బిగించి చిన్న మంటతో వాడటం. రంధ్రం పెద్దది, గ్యాస్ తక్కువ, కాబట్టి మంట లోపలికి వెళ్తుంది. మంట చిన్నది కావాలంటే నాజిల్ చిన్నది పెట్టాలి. ఒక నాజిల్ తన మంటను మెత్తగా, గట్టిగా చేసుకునే పరిధి కొంతే ఉంటుంది, ఆ పరిధి దాటి వాల్వు తగ్గిస్తే బ్యాక్‌ఫైర్ తప్పదు.

రెండో కారణం నాజిల్ మొన కరిగిన లోహాన్ని తాకడం. మూడోది మూలల్లో, పైపు లోపలి వైపు పని చేసేటప్పుడు వేడి వెనక్కి తన్ని నాజిల్ విపరీతంగా కాగిపోవడం. రంధ్రంలోనే మిశ్రమం అంటుకునేంత వేడి ఎక్కితే గ్యాస్ వేగం సరిగ్గా ఉన్నా ఉపయోగం లేదు. నాలుగోది రంధ్రం మురికి పట్టడం, లేదా తప్పుగా శుభ్రం చేయడం వల్ల మొన గంటలా విచ్చుకోవడం.

నాజిల్ మార్చినా తగ్గలేదన్నారు కాబట్టి వెనక నుంచి ముందుకు వెతకండి. సిలిండర్ వాల్వు సరిగ్గా తెరిచారా? ఎసిటిలీన్ సిలిండర్ అడుగంటిందా? హోస్ ఎక్కడైనా మడతపడిందా, ఏ చక్రం కిందో నలిగిందా? అరెస్టర్ ఒకసారి ఫ్లాష్‌బ్యాక్ తిని మసి పట్టి ఉంటే బయటికి బాగానే కనిపిస్తుంది, గ్యాస్ మాత్రం సగమే వదులుతుంది. దీన్ని కనిపెట్టే తీరు సులువు. టార్చ్ వాల్వు మూసి ఉండగా రెగ్యులేటర్ (సిలిండర్ ప్రెషర్‌ను పనికి తగినంతకు తగ్గించే భాగం) గేజ్ ఎంత చూపిస్తోందో, వాల్వు తెరిచాక ఎంతకు పడిందో చూడండి. గేజ్ బాగా పడిపోతే లోపం రెగ్యులేటర్‌లోనో సిలిండర్ వైపో ఉంది. గేజ్ నిలకడగా ఉండి మంట మాత్రం నీరసంగా ఉంటే అడ్డు గేజ్ తర్వాత, అంటే అరెస్టర్, హోస్, నాన్ రిటర్న్ వాల్వు (గ్యాస్ వెనక్కి రాకుండా ఆపేది), టార్చ్‌లలో ఎక్కడో ఉంది.

అవన్నీ బాగుంటే నాజిల్ కూర్చునే సీటు చూడండి. నాజిల్ వెనక భాగం, టార్చ్ తలలోని సీటు లోహం మీద లోహం ఒత్తుకుని గ్యాస్‌ను ఆపుతాయి. అక్కడ గీత పడితే ఆక్సిజన్ పక్కదారి పట్టి ఎసిటిలీన్ దారిలోకి చేరుతుంది. కొత్త నాజిల్ వేసినా పాత సీటు మీదే కూర్చుంటుంది కనుక పేలుడు తగ్గదు. మీ విషయంలో అనుమానం ముందు దీని మీదకే వెళ్తుంది. సీటు దెబ్బతింటే దాన్ని మరమ్మతు చేసే చోటుకు పంపాలి. ఎమరీ పేపర్‌తో రుద్ది సరిచేద్దామనుకుంటే ఇంకా పాడవుతుంది. బ్రాండ్ మరీ పాతదై విడిభాగాలు దొరకకపోతే అప్పుడు కొత్తది కొనండి.

ఏ రకం టార్చ్

వెల్డింగ్ టార్చ్‌లు రెండు రకాలు. ఇంజెక్టర్ రకంలో ఆక్సిజన్ సన్న జెట్ లోంచి వేగంగా దూసుకుపోతూ తన వెంట ఎసిటిలీన్‌ను లాక్కుపోతుంది. ఆక్సిజన్ ప్రెషర్ ఎక్కువగా, తరచూ 1.5 నుంచి 2.5 బార్ మధ్య ఉంటుంది, ఎసిటిలీన్‌కు చాలా తక్కువ ప్రెషర్ సరిపోతుంది. తక్కువ ప్రెషర్‌తో గ్యాస్ ఇచ్చే జనరేటర్ల కోసం వచ్చిన ఏర్పాటు ఇది. రెండోది సమాన ప్రెషర్ రకం. రెండు గ్యాసులూ దాదాపు ఒకే ప్రెషర్‌తో మిక్సర్‌లోకి వచ్చి కలుస్తాయి. సిలిండర్ ఎసిటిలీన్ వాడేవాళ్లకు, పల్చటి రేకు పని చేసేవాళ్లకు నా ఓటు దీనికే. మంట మెత్తగా వస్తుంది, సర్దుబాటు తేలిక, పాడైతే కనిపెట్టడమూ తేలిక. ఇంజెక్టర్ టార్చ్ తప్పేమీ కాదు, కానీ దాని జెట్‌కు చిన్న ముక్క అడ్డుపడినా మొత్తం లెక్క తప్పుతుంది.

వెల్డింగ్, కటింగ్ రెండూ చేసే జంట టార్చ్ రేకు పనికి బరువు. కటింగ్ రోజూ ఉంటే తప్ప దాని జోలికి వెళ్లొద్దు. మీ పనికి తేలిక హ్యాండిల్, దానికి వేరువేరు మెడలతో నాజిళ్ల సెట్ ఉన్నది చాలు. చేతిలో పట్టుకుని చూసేటప్పుడు హోస్ తగిలించి చూడండి. చెయ్యి నొప్పి పుట్టించేది చాలాసార్లు టార్చ్ బరువు కాదు, మందపాటి హోస్ లాగే లాగుడు. ఈ పనికి 6 మి.మీ. లోపలి వ్యాసం ఉన్న హోస్ సరిపోతుంది.

కొనేటప్పుడు టార్చ్ మీద ఐఎస్ఓ 5172 గుర్తు, హోస్ మీద ఐఎస్ఓ 3821, రెగ్యులేటర్ మీద ఐఎస్ఓ 2503, అరెస్టర్ మీద ఐఎస్ఓ 5175 ఉన్నాయా చూడండి, లేదా మీ దేశంలో వాటికి సమానమైన ప్రమాణాలు. నాజిల్ పట్టిక టార్చ్‌తో పాటు రావాలి. పట్టిక లేని టార్చ్ చవగ్గా దొరికినా కొనొద్దు. ఏ నాజిల్‌కు ఏ ప్రెషర్ పెట్టాలో తెలియకపోతే పైన చెప్పిన వేగం లెక్క అంతా ఊహ మీద నడుస్తుంది. వాల్వులు తిప్పి చూడండి, మెత్తగా, ఒకే బిగువుతో తిరగాలి. ఓ రింగులు (గ్యాస్ కారకుండా ఆపే రబ్బరు వలయాలు), ప్యాకింగ్, నాజిళ్లు విడిగా దొరుకుతాయో లేదో అడగండి.

ఎల్‌పీజీ గురించి: స్టీల్‌ను కరిగించి వెల్డ్ చేయడానికి అది పనికిరాదు. ఆక్సిజన్‌తో ప్రొపేన్ మంట దాదాపు 2800 డిగ్రీల సెల్సియస్ దాకా వెళ్తుంది, ఎసిటిలీన్ మంట 3100 దాటుతుంది. ఈ తేడా ఒక్కటే అయితే సర్దుకోవచ్చు. అసలు తేడా వేడి పుట్టే చోటులో ఉంది. ఎసిటిలీన్ మంటలో చాలా వేడి లోపలి తెల్లటి కోన్ మొనలోనే పుడుతుంది, పైగా ఆ చుట్టూ ఉండే వాయువులు కరిగిన స్టీల్‌ను ఆక్సీకరణ నుంచి కాపాడతాయి. ప్రొపేన్ వేడి ఎక్కువగా బయటి మంటలో పరుచుకుంటుంది, వేడి పెంచుదామని ఆక్సిజన్ ఎక్కువ పెడితే కరిగిన లోహం కాలి నురగలా లేస్తుంది. బ్రేజింగ్, వేడిచేయడం, కటింగ్ మాత్రం ఎల్‌పీజీతో చక్కగా సాగుతాయి. అయితే దానికి నాజిల్ వేరు, ఎల్‌పీజీ తట్టుకునే హోస్ వేరు. ఎసిటిలీన్ కోసం చేసిన రబ్బరును ఎల్‌పీజీ లోపలి నుంచి తినేస్తుంది. ఎసిటిలీన్ నాజిల్‌కు ఎల్‌పీజీ తగిలించినా మంట నాజిల్ మీద నిలవదు, ఎగిరిపోతుంది. దాని మంట పాకే వేగం ఎసిటిలీన్‌లో సగం కూడా ఉండదు మరి.

నాజిల్ సైజు, సిలిండర్ సైజు

తయారీదారుల నంబర్లు ఒకదానితో ఒకటి కలవవు, కాబట్టి మీ టార్చ్ పట్టికే ప్రమాణం. చాలాచోట్ల వాడుకలో ఉన్న ఒక వరుసలో నంబర్ అంటే గంటకు వాడే ఎసిటిలీన్ సుమారు ఎన్ని ఘనపు అడుగులో అంత. మెత్తటి స్టీల్‌కు ఆ వరుస ఇలా ఉంటుంది:

0.9 మి.మీ. రేకు: 1 నంబర్, గంటకు 28 లీటర్లు
1.2 మి.మీ.: 2 నంబర్, 57 లీటర్లు
2 మి.మీ.: 3 నంబర్, 86 లీటర్లు
2.6 మి.మీ.: 5 నంబర్, 140 లీటర్లు
3.2 మి.మీ.: 7 నంబర్, 200 లీటర్లు

ఈ ఐదింటికీ రెండు గ్యాసులూ 0.14 బార్ చొప్పున పెడతారు. 4 మి.మీ.కి 10 నంబర్ నాజిల్, 0.21 బార్. 5 మి.మీ.కి 13 నంబర్, 0.28 బార్. ఈ అంకెలు సమాన ప్రెషర్ టార్చ్‌కు. ఇంజెక్టర్ టార్చ్‌కు పెట్టకండి.

ఎసిటిలీన్ వాడకంలో చాలామంది పట్టించుకోని పరిమితి ఒకటుంది. సిలిండర్‌లో అది వట్టి గ్యాస్‌గా ఉండదు, సన్నటి రంధ్రాల పదార్థంలో ఇంకిన అసిటోన్‌లో కరిగి ఉంటుంది. వేగంగా లాగితే అసిటోన్ కూడా వెంట వచ్చేస్తుంది. అది రెగ్యులేటర్ లోపలి పల్చటి పొరను (డయాఫ్రమ్), హోస్‌ను పాడుచేస్తుంది, మంట స్థిరంగా నిలవదు. అప్పుడప్పుడు ఆపి చేసే పనికి గంటకు సిలిండర్ సామర్థ్యంలో ఏడో వంతు, ఆపకుండా చేసే పనికి పదిహేనో వంతు దాటకూడదన్నది వాడుకలో ఉన్న లెక్క. 6 ఘనపు మీటర్ల సిలిండర్‌కు ఇది 850 లీటర్లు, 400 లీటర్లు అవుతుంది, మీ పనికి బోలెడు. ఎక్కడికైనా మోసుకెళ్లొచ్చని 1 ఘనపు మీటరు సిలిండర్ కొంటే మాత్రం 140, 67 లీటర్లే. అంటే 3 మి.మీ. రేకుకు 7 నంబర్ నాజిల్ పెడితే పరిమితి దాటిపోయినట్టే. వేడిచేసే పెద్ద నాజిల్ చిన్న సిలిండర్‌కు తగిలించడం ఇంకా దారుణం. ఎసిటిలీన్ ఎంత మిగిలిందో గేజ్ చూసి చెప్పలేం, ఎండకు, చలికి అంకె మారుతుంది. తూకమే నమ్మకం. ఒక ఘనపు మీటరు సుమారు 1.1 కిలో.

సిలిండర్ ఎప్పుడూ నిలువుగా, గొలుసు కట్టి ఉండాలి. పడుకోబెట్టి తెచ్చి ఉంటే నిలబెట్టి కొన్ని గంటలు వదిలేయండి. ఎసిటిలీన్ వర్కింగ్ ప్రెషర్ ఎప్పుడూ 1 బార్ దాటకూడదు. ఆ పైన అది ఆక్సిజన్ లేకుండానే తనంతట తాను విచ్ఛిన్నమై పేలగలదు.

అరెస్టర్ తప్పనిసరా?

అవును, రెండు గ్యాసులకూ. బ్యాక్‌ఫైర్ మొన దగ్గర ఆగుతుంది. ఫ్లాష్‌బ్యాక్ అంటే మంట మిక్సర్ దాటి హోస్‌లోకి, రెగ్యులేటర్ వైపు పరుగెత్తడం. అలా పరుగెత్తాలంటే హోస్‌లో ముందే రెండు గ్యాసులూ కలిసి ఉండాలి. ఇది సాధారణంగా వెలిగించే క్షణంలోనే జరుగుతుంది. రాత్రి వాల్వులు సరిగా మూయక ఒక గ్యాస్ రెండో హోస్‌లోకి చేరుతుంది, పొద్దున వెలిగిస్తే హోస్ పేలుతుంది.

నాన్ రిటర్న్ వాల్వు, అరెస్టర్ రెండూ ఒకటే అనుకుంటారు. కాదు. నాన్ రిటర్న్ వాల్వు టార్చ్ హ్యాండిల్ దగ్గర ఉంటుంది, గ్యాస్ వెనక్కి రాకుండా ఆపుతుంది, పరుగెత్తే మంటను ఆపలేదు. అరెస్టర్‌లో సింటర్డ్ లోహపు (లోహపు పొడిని వేడితో గట్టిపరిచి చేసిన) గొట్టం ఉంటుంది. దాని సన్న రంధ్రాల్లో మంట వేడి కోల్పోయి ఆరిపోతుంది. మంచివాటిలో వేడికి గ్యాస్‌ను కోసేసే వాల్వు కూడా ఉంటుంది. అరెస్టర్ రెగ్యులేటర్ దగ్గర, నాన్ రిటర్న్ వాల్వు టార్చ్ దగ్గర, రెండూ పెట్టండి. చిన్న నాజిళ్లకు అరెస్టర్ వల్ల పడే ప్రెషర్ నష్టం లెక్కలోకి రాదు. ఒకసారి ఫ్లాష్‌బ్యాక్ తిన్న అరెస్టర్‌ను మళ్లీ నమ్మొద్దు. ఏమీ జరగకపోయినా తయారీదారు చెప్పిన గడువుకు, మామూలుగా 5 ఏళ్లకు, మార్చేయాలి.

బిగించడం, గాలి తీయడం, వెలిగించడం

ఆక్సిజన్ వైపు ఏ భాగానికీ నూనె, గ్రీజు తగలకూడదు. చేతులు, గ్లవ్స్, స్పానర్ కూడా అందులోకే వస్తాయి. 150 బార్ ఆక్సిజన్ ఒక్కసారిగా రెగ్యులేటర్‌లోకి దూకితే నలిగిన గ్యాస్ వేడెక్కుతుంది, అక్కడున్న నూనె చుక్క అంటుకోవడానికి ఆ వేడి చాలు. అందుకే రెగ్యులేటర్ స్క్రూ వదులు చేసి, గేజ్ ముఖానికి ఎదురుగా కాకుండా పక్కకు నిలబడి, సిలిండర్ వాల్వు మెల్లగా తెరవాలి. గేజ్ ముల్లు పైకి చేరి ఆగాక ఆక్సిజన్ వాల్వు పూర్తిగా తెరవండి. ఎసిటిలీన్ వాల్వు మాత్రం ముప్పావు నుంచి ఒక చుట్టు చాలు, వాల్వు తిప్పే కీని దాని మీదే ఉంచండి. అవసరమైతే ఒక్క తిప్పుతో మూసేయగలగాలి.

ఇంధన గ్యాస్ నట్లకు ఎడమ మర ఉంటుంది, నట్టు అంచుల మీద గాట్లు గుర్తు. టెఫ్లాన్ టేప్ చుట్టకండి. ఈ జాయింట్లలో గ్యాస్‌ను ఆపేది మర కాదు, లోపలి కోన్ ముఖాలు. టేప్ ముక్క ఊడి లోపలికి పోతే జెట్‌లో ఇరుక్కుంటుంది. హోస్ జాయింటుకు రాగి గొట్టం ముక్క అసలు వద్దు. ఎసిటిలీన్ రాగితో చర్య జరిపి పేలే స్వభావం ఉన్న పదార్థం తయారవుతుంది. నాజిల్ రాగిదే కదా అనొచ్చు, కానీ అక్కడ గ్యాస్ నిలవ ఉండదు. హోస్ రంగులూ చూసుకోవాలి. ఎసిటిలీన్‌కు ఎరుపు, ఆక్సిజన్‌కు ఐఎస్ఓ ప్రకారం నీలం, అమెరికా పద్ధతిలో ఆకుపచ్చ.

లీకు పరీక్షకు లీక్ స్ప్రే లేదా నూనె లేని డిటర్జెంట్ ద్రావణం వాడండి. ప్రెషర్ ఎక్కించి, టార్చ్ వాల్వులు మూసి, సిలిండర్ వాల్వు కూడా మూసి 5 నిమిషాలు గేజ్‌లు చూస్తే ఇంకా తేలిక. ముల్లు పడితే ఎక్కడో లీకుంది, అప్పుడు నురగతో వెతకండి.

వెలిగించే ముందు ఒక్కో హోస్‌నూ విడివిడిగా గ్యాస్‌తో కడిగేయాలి. రెండు సెకన్లు వదిలితే చాలంటారు గానీ, లెక్క వేసి చూడండి. 8 మి.మీ. వ్యాసం, 10 మీటర్ల హోస్‌లో దాదాపు అర లీటరు పడుతుంది. 7 నంబర్ నాజిల్‌తో అది బయటికి పోవడానికి 9 సెకన్లు. 1 నంబర్ నాజిల్‌తో నిమిషానికి పైనే. అదే 6 మి.మీ., 5 మీటర్ల హోస్ అయితే 1 నంబర్‌కు కూడా 18 సెకన్లే. లెక్కకు వచ్చిన సమయానికి రెట్టింపు వదలండి. సన్న నాజిల్ వాడేవాళ్లు ఎక్కువ పొడవు హోస్ కొనకూడదనడానికి ఇదే కారణం. ఇదంతా గాలి ఆడే చోట, దగ్గర్లో నిప్పు లేకుండా చేయాలి.

ప్రెషర్లు టార్చ్ వాల్వు తెరిచి గ్యాస్ పారుతుండగానే సెట్ చేయండి. మూసి ఉండగా చూసిన అంకె పనిలో నిలవదు. తర్వాత ఎసిటిలీన్ కొద్దిగా తెరిచి స్పార్క్ లైటర్‌తో వెలిగించండి. అగ్గిపుల్ల, జేబు లైటర్ వద్దు, వాటితో చెయ్యి మంట ముందుకు వస్తుంది. వెలిగాక మసి పొగ ఆగేదాకా ఎసిటిలీన్ పెంచండి. చాలామంది ఇక్కడే తగ్గించేస్తారు, గది నిండా మసి తేలుతుంది, పైగా గ్యాస్ వేగం చాలక మొదటి బ్యాక్‌ఫైర్ వస్తుంది. మసి ఆగాక ఆక్సిజన్ మెల్లగా ఇస్తూ పోతే మంట లోపల రెండు కోన్లు కనిపిస్తాయి, తెల్లటి కోన్ చుట్టూ ఈకలాంటి పొర. ఆ ఈక కోన్‌లోకి ముడుచుకుపోయి అంచు స్పష్టంగా కనిపించిన చోట ఆపండి. అది న్యూట్రల్ ఫ్లేమ్, స్టీల్‌కు అదే కావాలి. ఇంకా ఆక్సిజన్ పెంచితే కోన్ పొట్టిదై మొన సూదిలా అవుతుంది, సుయ్యిమనే శబ్దం వస్తుంది. ఆ మంటతో స్టీల్ నిప్పురవ్వలు చిమ్ముతుంది, అతుకు పెళుసవుతుంది. ఇత్తడి వెల్డింగ్‌కు మాత్రం కొద్దిగా ఆక్సిజన్ ఎక్కువ ఉన్న మంటే వాడతారు, జింక్ ఆవిరి తగ్గుతుంది.

కోన్ మొన కరిగిన లోహానికి 2, 3 మి.మీ. దూరంలో ఉండాలి. కోన్ లోహంలో మునిగితే రెండు నష్టాలు: లోహానికి కార్బన్ ఎక్కుతుంది, నాజిల్ కాగుతుంది. కళ్లకు 3 మి.మీ. లోపు వెల్డింగ్‌కు 4 లేదా 5 షేడ్ (అద్దం ముదురుదనం నంబర్), బ్రేజింగ్‌కు 3 లేదా 4 షేడ్ గాగుల్స్ చాలు. ఆర్క్ వెల్డింగ్ హెల్మెట్ 10 షేడ్ పెట్టుకుంటే కరిగిన లోహం కనబడదు, చూడలేక నాజిల్‌ను దగ్గరికి తోసేస్తారు.

పేలినప్పుడు, మంట లోపలికి వెళ్లినప్పుడు

ఒక్క టప్పు శబ్దం వచ్చి ఆరిపోతే రెండు వాల్వులూ మూసి, నాజిల్ మొన చూసి, అంటుకున్న లోహం తీసి, ప్రెషర్ చూసుకుని మళ్లీ వెలిగించొచ్చు. నాజిల్ కాగి ఉంటే ఆక్సిజన్ కొంచెం పారుతుండగా నీళ్లలో ముంచి చల్లార్చండి. ఆక్సిజన్ పారడం లేకపోతే నీళ్లు నాజిల్‌లోకి ఎక్కుతాయి.

మంట మొన మీద లేకుండా హ్యాండిల్‌లోంచి ఈల లాంటి శబ్దం, నల్లటి పొగ వస్తుంటే అది వేరు. మంట మిక్సర్‌లో కాలుతోందన్నమాట. అప్పుడు ముందు టార్చ్ ఆక్సిజన్ వాల్వు, వెంటనే ఎసిటిలీన్ వాల్వు మూయండి, తర్వాత సిలిండర్ వాల్వులు. ఈ క్రమం ఎందుకంటే లోపలి నిప్పు బతికేది ఆక్సిజన్ మీద. హ్యాండిల్ చేత్తో పట్టలేనంత వేడెక్కితే ఆ టార్చ్‌ను పరీక్ష చేయకుండా మళ్లీ వెలిగించొద్దు. హోస్ లోపల మసి చేరి ఉంటే ఆ హోస్ పారేయండి.

ఎసిటిలీన్ సిలిండర్ ఒంటికే వేడి తగులుతోందంటే ఇంకేమీ ఆలోచించొద్దు. చేయి అందేంత సురక్షితంగా ఉంటే వాల్వు మూసి, అందరినీ దూరం పంపి, ఫైర్ సర్వీస్‌ను పిలవండి. లోపల విచ్ఛిన్నం మొదలైతే మంట ఆరిన తర్వాత కూడా గంటల తరబడి కొనసాగగలదు. ఆ సిలిండర్‌ను కదపకూడదు, పక్కకు దొర్లించడం అసలు చేయకూడదు. నీళ్లు కొట్టడం కూడా అడ్డు చాటున, దూరం నుంచి.

పని ముగించేటప్పుడు టార్చ్‌లో ఏ వాల్వు ముందు మూయాలన్న దాని మీద వాదనలు ఉన్నాయి. ఎసిటిలీన్ ముందు మూస్తే మంట అప్పటికప్పుడు ఆరుతుంది, మసి ఉండదు. ఆక్సిజన్ ముందు మూస్తే పేలుడు శబ్దం తక్కువ, పైగా ఎసిటిలీన్ వాల్వు మూశాక చిన్న మంట మిగిలితే వాల్వు లీకవుతోందని తెలుస్తుంది. మీ టార్చ్ పుస్తకంలో ఏది రాస్తే అది చేయండి, రోజూ ఒకేలా చేయండి. తర్వాత సిలిండర్ వాల్వులు మూసి, టార్చ్ ఎసిటిలీన్ వాల్వు తెరిచి గేజ్ సున్నాకు రానిచ్చి మూసి, తర్వాత అలాగే ఆక్సిజన్. రెండూ ఒకేసారి తెరవొద్దు. చివర రెగ్యులేటర్ స్క్రూలు వదులు చేయండి.

ఆక్సిజన్‌తో బట్టల దుమ్ము దులపడం, ఇరుకు గదిలో గాలి కోసం వదలడం ప్రాణం తీసే అలవాట్లు. గాలిలో ఆక్సిజన్ 21 శాతం ఉంటుంది, కొద్ది శాతం పెరిగినా బట్టలు గుప్పున అంటుకుంటాయి, ఆర్పడం కష్టం. ట్యాంకు, గొయ్యి లాంటి చోట్ల విరామంలో టార్చ్‌ను లోపల వదలకండి, హోస్‌తో సహా బయటికి తెచ్చేయండి. గాల్వనైజ్డ్ పైపు కాల్చేటప్పుడు వచ్చే తెల్లపొగ పీలిస్తే జ్వరం వస్తుంది, ముందు ఆ చోట జింక్ పూత తీసేయండి. పని అయ్యాక చుట్టూ 10 మీటర్లలో ఎక్కడా నిప్పు రాజుకోలేదని ఒక గంట పాటు చూసి కదలండి.

శుభ్రం, నిర్వహణ

నాజిల్ క్లీనర్ సెట్‌లో రంధ్రం కంటే ఒక సైజు చిన్న సూదితో మొదలుపెట్టి, సరిపోయే సైజుకు వెళ్లండి. నేరుగా లోపలికి, నేరుగా బయటికి. తిప్పితే, పక్కలకు ఒరగదీస్తే రంధ్రం విచ్చుకుంటుంది, మంట వంకరగా వస్తుంది, వేగం తగ్గుతుంది. ఊడిన పొట్టు లోపలికి పోకుండా కొద్దిగా ఆక్సిజన్ పారిస్తూ చేయండి. మొన మీద అంటుకున్న ముద్దలను సెట్‌లోని ఆకురాయితో చదునుగా, రంధ్రానికి నిలువుగా తీసేయండి. ముందు మొన చదును చేసి, తర్వాత రంధ్రం శుభ్రం చేయాలి, లేకపోతే ఆకురాయి తీసిన పొట్టు మళ్లీ రంధ్రంలో చేరుతుంది. డ్రిల్ బిట్, ఇనుప మేకు వాడిన నాజిల్ మంట మళ్లీ తిన్నగా రాదు.

నాజిల్ వేడిగా ఉన్నప్పుడు బిగించకండి, చల్లారాక ఇరుక్కుపోతుంది. ఓ రింగు ఉన్న రకమైతే చేతి బిగువే చాలు, లోహపు సీటు ఉన్నదానికి స్పానర్. పట్టకారుతో బిగిస్తే నట్టు అంచులు అరిగి ఇంకెప్పుడూ స్పానర్ పట్టదు. వాల్వు కాండం దగ్గర లీకుంటే ప్యాకింగ్ నట్టు ఎనిమిదో వంతు చుట్టు బిగించి చూడండి, ఆగకపోతే ప్యాకింగ్ మార్చండి. ఓ రింగులకు ఆక్సిజన్‌కు పనికొచ్చే ప్రత్యేక లూబ్రికెంట్ తప్ప ఇంకేదీ రాయొద్దు.

ఇంజెక్టర్ టార్చ్ ఉన్నవాళ్లు వారానికోసారి పీల్పు పరీక్ష చేయాలి. ఎసిటిలీన్ హోస్ ఊడదీసి, నాజిల్ ఉండగా ఆక్సిజన్‌ను వర్కింగ్ ప్రెషర్‌తో పారించి, టార్చ్ రెండు వాల్వులూ తెరిచి, ఎసిటిలీన్ ద్వారం మీద శుభ్రమైన వేలు పెట్టండి. వేలిని లోపలికి లాగాలి. లాగడం లేదంటే, లేదా బయటికి ఊదుతోందంటే, నాజిల్ మూసుకుపోయింది లేదా ఇంజెక్టర్ వదులైంది. అలాంటి టార్చ్‌కు ఎసిటిలీన్ తగిలిస్తే ఆక్సిజన్ తిన్నగా ఎసిటిలీన్ హోస్‌లోకి పోతుంది.

రెగ్యులేటర్ లోపాన్ని ఒక్క చూపుతో కనిపెట్టొచ్చు. టార్చ్ మూసి ప్రెషర్ సెట్ చేసి వదిలేస్తే వర్కింగ్ గేజ్ ముల్లు నెమ్మదిగా పైకి పాకుతోందా? లోపలి సీటు పోయింది. ఎసిటిలీన్ వైపు అయితే 1 బార్ గీత దాటేదాకా చూస్తూ కూర్చోకుండా వెంటనే తీసేయండి. రెగ్యులేటర్‌ను విప్పి బాగుచేయడం ఇంట్లో చేసే పని కాదు. సాధారణంగా వీటికి కూడా 5 ఏళ్ల గడువే ఇస్తారు.

హోస్‌ను నెలకోసారి మడిచి చూడండి. మడత దగ్గర పగుళ్లలోంచి లోపలి దారం కనిపిస్తే ఆ హోస్ అయిపోయినట్టే. దెబ్బ ఒకే చోట ఉంటే అక్కడ కోసి సరైన కనెక్టర్, ఫెర్రూల్ (హోస్ చుట్టూ బిగించే లోహపు ఉంగరం)తో కలపొచ్చు, టేప్ చుట్టడం, బైండింగ్ వైరు కట్టడం మరమ్మతు కాదు. ఆక్సిజన్‌కు వాడిన హోస్‌ను ఎసిటిలీన్‌కు, ఎసిటిలీన్‌ది ఆక్సిజన్‌కు మార్చకండి. రాత్రి హోస్‌లను సిలిండర్ మెడకు చుట్టడం చూస్తుంటాం. లీకు వచ్చి అంటుకుంటే మంట నేరుగా సిలిండర్ వాల్వు మీదే పడుతుంది, అందుకే వేరే కొక్కెం పెట్టి వేలాడదీయండి. వాడని ఆక్సిజన్ సిలిండర్లను ఇంధన గ్యాస్ సిలిండర్లకు కనీసం 6 మీటర్ల దూరంలో, లేదా మధ్యలో మంట తట్టుకునే గోడ ఉండేలా నిల్వ చేయండి.